గ్యాలరీ మనది... జట్టెవరిది?

2024 డిసెంబరు 31 రాత్రి హైదరాబాద్ మొత్తం కొత్త సంవత్సరం కేకుల హడావుడిలో ఉంది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో మాత్రం రాష్ట్రాల జట్లు తలపడే ఫుట్‌బాల్ పోటీ, సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు బెంగాల్, మరోవైపు కేరళ. తొంభై నిమిషాలు గడిచినా గోల్ పడలేదు. రిఫరీ కలిపిన అదనపు నిమిషాల్లో రాబి హన్స్‌దా బంతిని వలలోకి కొట్టాడు. బెంగాల్ 33వసారి ట్రోఫీ ఎత్తుకుంది. ఆతిథ్యమిచ్చిన తెలంగాణ అప్పటికే గ్రూపు దశలో ఓడి ఇంటిదారి పట్టింది. ఇల్లు ఆ ఊళ్లోనే కాబట్టి పెద్దగా ప్రయాణం చేయాల్సిన పని లేకపోయింది.

ఆ రోజుకి ఆ స్టేడియాన్ని సొంత గడ్డ అని చెప్పుకునే జట్టొకటి ఉండేది. పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన జట్టు. 2025 తిరక్కుండానే దాని పేరు మారింది, ఊరూ మారింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మైదానం గచ్చిబౌలిలోనే ఉంది. గ్యాలరీలూ ఫ్లడ్‌లైట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. క్లబ్బు మాత్రం మూటాముల్లె సర్దుకుని రైలెక్కేసింది.

ఈ ముచ్చట కుందుర్పిలో కూర్చుని రాయడానికి కారణం ఉంది. కర్ణాటక సరిహద్దును ఒరుసుకుని ఉండే కరువు మండలం ఇది. కొండ మీద పాలెగాళ్ల నాటి కోట, కింద చెనిక్కాయ చేలు, ఏడాదికి ఒకసారి పలకరించి పోయే వాన. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇక్కడి పిల్లకాయలకు హైదరాబాద్ కంటే బెంగళూరు దగ్గర, దాదాపు సగం దూరమే. పంట పోయిన ఏడు పెద్దలు పనికోసం బండెక్కేదీ ఆ బెంగళూరుకే. అయితే ఈ ఎండిన జిల్లాలోనే, అనంతపురం పట్టణంలో, పచ్చటి ఫుట్‌బాల్ మైదానాలున్నాయి. వాటిలో ఆడే పిల్లల్లో చాలామంది ఇలాంటి పల్లెల వాళ్లే. అక్కడ మైదానం ఉంది, పెద్ద క్లబ్బు లేదు. హైదరాబాద్‌లో పెద్ద క్లబ్బు వచ్చింది, పోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుగునాట ఫుట్‌బాల్ డెబ్బై అయిదేళ్లుగా ఎక్కడ తడబడుతోందో కనిపిస్తుంది. మనకు ఆటగాళ్లకు ఎన్నడూ కొదవ లేదు. స్టేడియాలకూ లేదు. ఊరి జనం ఇది మాదని చెప్పుకోదగ్గ క్లబ్బే ఎన్నడూ లేదు. వచ్చిన ప్రతి జట్టూ అయితే ఒక ఉద్యోగానిది, కాకుంటే ఒక యజమానిది.

ఫతే మైదాన్ రోజులు

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ స్టేడియాన్ని పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు ఔరంగజేబు సేనలు విడిది చేసిన చోటు ఇదేనని, కోట చిక్కాక ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజాముల కాలంలో పోలో ఆడారు. 1955లో ఇక్కడే న్యూజిలాండ్‌తో క్రికెట్ టెస్టు జరిగింది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ తర్వాత దీన్ని తెలుగువాళ్లు ఎక్కువగా చూసింది టీవీలో ప్రమాణ స్వీకారాల రోజునే. 1983లో ఎన్టీఆర్, 2004లో వైఎస్, 2023లో రేవంత్ రెడ్డి... ముఖ్యమంత్రులు ప్రమాణం చేసేందుకు ఇంత అచ్చొచ్చిన ఫుట్‌బాల్ మైదానం దేశంలో మరొకటి ఉండదేమో.

కానీ 1950ల్లో హైదరాబాద్ అంటే దేశానికి గుర్తొచ్చింది ఫుట్‌బాలే. కలకత్తాకు ఎదురు నిలిచిన నగరం అది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్‌ను వరసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. 1954లోనూ 1957లోనూ మళ్లీ డ్యూరండ్. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు వరసగా రెండుసార్లు, 1956-57లోనూ 1957-58లోనూ విజేత. రాష్ట్రాల పునర్విభజన తర్వాత పోలీస్ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో డ్యూరండ్ తెచ్చింది.

ఈ కథ వెనక ఉన్నది పోలీసు కాదు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ పోవడం నిషేధం, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. ఆటను పాఠం చెప్పినట్టు విడగొట్టి నేర్పించాడన్నమాట. మనకిప్పుడు యూట్యూబ్‌లో విదేశీ కోచ్‌లు చూపిస్తున్న కసరత్తుల్లో చాలావాటిని ఆయన హైదరాబాద్ గల్లీ పిల్లలచేత అప్పుడే చేయించాడు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం నెగ్గింది. శిక్షకుడు రహీం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయిందీ ఆయన జట్టే. మన ఆటగాళ్లు చాలామంది అప్పటికింకా వట్టికాళ్లతో ఆడేవాళ్లు. ఆ చలిదేశంలో ఆ లెక్క కుదరలేదు. ఆ దెబ్బతో దేశం బూట్లు తొడుక్కుంది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడతను. ఆ జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, బలరామ్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎక్కిన మెట్టు లేదు.

తులసీదాస్ బలరామ్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లాడు. నగరంలో సాధనకు రమ్మంటే రానూ పోనూ ఖర్చులకు డబ్బుల్లేవు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీమే రోజూ చేతిలో డబ్బులు పెట్టేవాడని చెబుతారు. ఆ సైకిలు అద్దె భారత ఫుట్‌బాల్‌కు తెచ్చిపెట్టిన లాభం లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. దక్షిణ కొరియాపై 2-1తో భారత్ గెలిచిన ఆ జట్టులో బలరామ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. మరుసటేడు జూన్ 11న కన్నుమూశాడు. అరవయ్యేళ్ల తర్వాత 2024లో అజయ్ దేవ్‌గణ్ 'మైదాన్'లో రహీంగా నటించాకే మన ఇళ్లలో చాలామందికి ఆ పేరు తెలిసింది. సినిమా హిందీది.

కలకత్తా రైలు

మరి అంత గొప్ప పోలీస్ జట్టు ఏమైంది? నా లెక్క ప్రకారం దాని బలంలోనే దాని బలహీనత ఉంది. అది ఊరి క్లబ్బు కాదు, ఒక శాఖ జట్టు. ఆటగాడికి కానిస్టేబుల్ ఉద్యోగం, నెలజీతం, పింఛను. పేదింటి కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? అందుకే బస్తీల్లోని మెరుగైన ఆటగాళ్లంతా అటు పోయారు. అయితే శాఖ జట్టు ఆయుష్షు ఆ శాఖను నడిపే అధికారుల ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆటను ప్రేమించే అధికారి ఉన్నన్నాళ్లూ నియామకాలు జరిగాయి, ఆయన పోయాక ఆగాయి. మోహన్ బగాన్‌కు 1889 నుంచి, ఈస్ట్ బెంగాల్‌కు 1920 నుంచి సభ్యులున్నారు, చందాలున్నాయి, కొట్లాడుకునే అభిమానులున్నారు. ఒక పాలకవర్గం పోతే ఇంకొకటి వస్తుంది. పోలీస్ జట్టుకు సభ్యులనేవాళ్లు లేరు. ఆ జట్టు ఆగిపోతే రోడ్డెక్కి అడిగేవాళ్లెవరు?

అంతలోనే కలకత్తా కూడా చెయ్యి చాచింది. మన ఆటగాళ్లు హౌరా రైలెక్కారు. బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, చివరిదాకా అక్కడి మనిషిగానే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్. ఆయన పేరు మోగిందీ కలకత్తాలోనే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... ఆ వరసకు అంతు లేదు. అందరిలోకీ మహ్మద్ హబీబ్ కథ వినసొంపు. ఉద్యోగాలిస్తామన్నా వద్దని, ఆటే తన ఉద్యోగమన్న మనిషి. కలకత్తా జనం ఆయన్ని బడే మియా అని పిలుచుకున్నారు. 1977 సెప్టెంబరులో పీలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చి మోహన్ బగాన్‌తో ఆడాడు. ఆట 2-2తో సమం. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. పీలే ఎదుట గోల్ కొట్టిన ఆ హైదరాబాదీ ముసలితనంలో సొంత నగరానికి తిరిగొచ్చి, 2023 ఆగస్టు 15న ఇక్కడే పోయాడు. ఆయన పోయినరోజు బెంగాలీ పత్రికల్లో వచ్చినంత పెద్దగా మన పత్రికల్లో వార్త రాలేదనే నా అనుమానం.

ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఒక సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆ తర్వాత తెలుగునేలకు ఆ ట్రోఫీ మళ్లీ దక్కలేదు.

గోవాలో గెలిచిన హైదరాబాద్

గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. ఆ ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు దానికి పెట్టారు. చుట్టూ పరుగు పందేల ట్రాకు, మధ్యలో గడ్డి. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో ఇక్కడే భారత్ ఉజ్బెకిస్థాన్ చేతిలో 1-0తో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ట్రాకు ఉన్న స్టేడియంలో ఫుట్‌బాల్ చూడటం నాకెప్పుడూ రుచించదు. ఆట దూరమైపోతుంది. ఆటగాడి అరుపు వినపడదు, ముఖం కనపడదు. కానీ మన దగ్గర స్టేడియాలు ఒక ఆట కోసం కట్టరు, ఒక ఉత్సవం కోసం కడతారు. ఉత్సవం అయిపోయాక ఏ ఆటకు ఇవ్వాలా అని ఆలోచిస్తారు.

అలా పదిహేడేళ్లు ఎదురుచూశాక ఆ మైదానానికి ఒక క్లబ్బు దొరికింది. 2019 ఆగస్టులో పుణె సిటీ జట్టు మూతపడితే, దాని స్థానంలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని హైదరాబాద్ ఎఫ్‌సీని పెట్టారు. ఆ నవంబరు 2న సొంత గడ్డ మీద తొలి ఆటలోనే కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించారు. పసుపు, నలుపు చొక్కాలు, డప్పులు, కొత్త అభిమాన సంఘాలు. సీజన్ ముగిసేసరికి మాత్రం పట్టికలో అట్టడుగు. పైగా కొవిడ్ వచ్చింది.

తర్వాతి రెండు సీజన్లూ లీగ్ మొత్తాన్ని గోవాలోనే, బయటివాళ్లను రానివ్వని బుడగలో ఆడించారు. స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ అనే కోచ్ ఆ ఖాళీ గ్యాలరీల ముందే జట్టును కూడగట్టాడు. నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఓగ్బెచే 2021-22 సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా మళ్లీ కేరళ బ్లాస్టర్సే. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజుకు గ్యాలరీలు తెరిచారు. నిండినదంతా కేరళ జనమే. ఒక గోల్ వెనకబడిన హైదరాబాద్‌ను ఆట ముగిసే ముందు సాహిల్ తవోరా సమం చేశాడు. షూటౌట్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. స్కోరు 3-1. కప్పు హైదరాబాద్‌ది.

గెలుపు గోవాలో. సమం చేసిన తవోరా గోవా, ఆపిన కట్టిమని గోవా, నేర్పిన గురువు స్పెయిన్, గోల్స్ వీరుడు నైజీరియా. హైదరాబాద్ అని రాసి ఉన్నది చొక్కాల మీద. ఇది తప్పుబట్టడానికి చెప్పడం లేదు. ప్రపంచంలో పెద్ద క్లబ్బులన్నీ పరాయి ఊళ్ల ఆటగాళ్లతోనే నిండి ఉంటాయి. కాకపోతే ఆ క్లబ్బుల వెనక వందేళ్ల గ్యాలరీ ఉంటుంది. మన జట్టు ఛాంపియన్ అయిన సీజన్‌లో ఒక్క ఆటను కూడా మన ఊరి జనం మన ఊళ్లో చూడలేదు. 2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. జనం అలవాటు పడుతున్నారు. అప్పుడే డబ్బు ఆగింది.

2023-24 నాటికి జీతాలు అందక ఆటగాళ్లు, కోచ్‌లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్న పిల్లలతోనే ఆడి ఆ సీజన్‌ను ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున ముగించారు. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు! 2024లో బి.సి. జిందాల్ గ్రూపు చేతికి వచ్చింది, 2025లో ఢిల్లీకి తరలింది. హైదరాబాద్‌లో ఎవరైనా గట్టిగా అడ్డుపడ్డారా అంటే, కొద్దిమంది అభిమానుల ఆవేదన తప్ప పెద్ద అలజడి లేదు. ఆరేళ్ల క్లబ్బు, అందులో రెండేళ్లు టీవీలోనే. ఊరికి అది తనదనిపించే వ్యవధి ఎక్కడిది?

విశాఖ పేరు, అజీజ్‌నగర్ మైదానం

హైదరాబాద్‌లో ఇంకో క్లబ్బు మిగిలింది, శ్రీనిధి దక్కన్. దీనిదొక చిత్రమైన ప్రయాణం. 2020లో ఐ-లీగ్‌లో (అప్పటికి ఐఎస్ఎల్ తర్వాతి స్థాయి లీగ్) కొత్త జట్లను తీసుకున్నప్పుడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య శ్రీనిధిని విశాఖపట్నం జట్టుగా ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద లీగ్‌లో చోటు దొరికిందని సంబరపడేలోపు అది హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లో కుదురుకుంది. 2021-22లో ఐ-లీగ్‌లోకి దిగింది. 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానం. మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మదన్ స్పోర్టింగ్ దాని ముందు నిలిచి ఐఎస్ఎల్‌కు వెళ్లాయి.

ఈ క్లబ్బును నేను మెచ్చుకునేది ఒక్క విషయానికి. ఉత్సవాల స్టేడియం కోసం ఎదురుచూడకుండా దక్కన్ అరీనా పేరుతో సొంత మైదానం కట్టుకుంది. చిన్నదే. కానీ ట్రాకు లేదు, ఆటకు దగ్గరగా కూర్చోవచ్చు. 2024 సంతోష్ ట్రోఫీ గ్రూపు పోటీలు జరిగిందీ అక్కడే. విశాఖ మాత్రం ఇప్పటికీ క్లబ్బు కోసం చూస్తూనే ఉంది.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ చొక్కా తొడుక్కుంది. గోకులం కేరళకు, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. తండా నుంచి జాగ్రెబ్ దాకా దారి దొరికింది గానీ, నడుమ తెలుగు క్లబ్బు అనే మజిలీయే లేదు.

కంఠీరవ వైపు ఒక చూపు

కుందుర్పి కుర్రాడు నిజంగా పెద్ద లీగ్ ఆట చూడాలంటే దగ్గర దారి బెంగళూరు కంఠీరవ స్టేడియమే. అక్కడి బెంగళూరు ఎఫ్‌సీ కూడా ఒక కంపెనీ పెట్టిన జట్టే. జేఎస్‌డబ్ల్యూ 2013లో మొదలుపెట్టింది. తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది. 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ ఆడింది, 2018-19లో ఐఎస్ఎల్ నెగ్గింది. యజమాని కంపెనీయే అయినా ఒక తేడా ఉంది. మొదటి రోజు నుంచి పడమటి గ్యాలరీ జనాన్ని క్లబ్బు దగ్గరకు తీసుకుంది. 'వెస్ట్ బ్లాక్ బ్లూస్' అనే ఆ అభిమానుల గుంపు ఇప్పుడు జట్టుతో సమానంగా ప్రసిద్ధం. గచ్చిబౌలిలాగే అక్కడా ట్రాకు ఉంది. స్టేడియం ఎవరిదని అథ్లెట్లతో పేచీలూ వచ్చాయి. అయినా పదేళ్లు పైబడి అదే ఊళ్లో నిలిచింది. కంపెనీ జట్టు ఊరిదిగా మారజాలదని కాదు, మారేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక కొనడానికి డబ్బు కూడా ఉండాలి.

ఎడారి అంచున పచ్చిక

ఇక అనంతపురం. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంటె ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్ర నుంచి పంపేశారు. తిరిగొచ్చి 1969లో అనంతపురంలో కాలుపెట్టాడు. భార్య ఆన్‌తో కలిసి ఆయన నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును జిల్లాలో ఆర్డీటీ అనని మనిషి ఉండడు, ఆయన్ని ఫాదర్ అనని మనిషీ ఉండడు. బడులు, కాలనీ ఇళ్లు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులు. ఆ వరసలోనే ఆటలు వచ్చాయి. అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో, టెన్నిస్ అన్నీ ఉన్నాయి. 2010లో రఫెల్ నాదల్ తన ఫౌండేషన్ టెన్నిస్ బడి తెరవడానికి స్వయంగా వచ్చాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆడేందుకు దేశంలోని పేరున్న క్రికెటర్లు చాలామంది దిగితే ఊరు ఊరంతా అటు పరుగెత్తింది. ఫుట్‌బాల్‌కు స్పెయిన్‌లోని లా లిగా చేయి కలిపింది. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు అక్కడే ఉండి, చదువుకుంటూ ఆడుకున్నారు.

ఆ పచ్చిక విలువ తెలియాలంటే నీళ్ల లెక్క తెలియాలి. పెద్ద ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే ఎకరా ముప్పావు. దాన్ని ఒక మిల్లీమీటరు తడపాలంటే 7 వేల లీటర్లకు పైగా కావాలి. ఎండాకాలంలో గడ్డి చావకుండా రోజుకు 5 మిల్లీమీటర్లు పట్టించాలనుకుంటే 35 వేల లీటర్ల పైమాట, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. తాగునీటికి ట్యాంకరు ముందు బిందెల వరస కట్టిన కుందుర్పి ఆడవాళ్లకు ఈ లెక్క చెబితే మొహమ్మీదే తలుపేస్తారు. తప్పు వాళ్లది కాదు. అందుకే మండలాల్లో ఎర్రమట్టి మీదే ఆడాలి. రహీం కాలంలో హైదరాబాద్ పిల్లలు కూడా మట్టి మీదే ఆడి దేశాన్ని గెలిచారు.

అనంతపురంలో నాకు అన్నిటికంటే నచ్చింది పచ్చిక కాదు, లీగ్. అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ పేరుతో జిల్లాలోని పట్టణాల, పల్లెల జట్లు వారాల తరబడి ఒకదానితో ఒకటి ఆడతాయి. ఒక్కరోజు ఆడి కప్పు పంచుకుని పోయే టోర్నమెంటు కాదు, ఈ వారం ఓడితే వచ్చే వారం మళ్లీ రావాలి. ఊరి పేరు చొక్కా మీద వేసుకుని ఆడాలి. ఆటోలోనో బస్సులోనో పక్క ఊరికి పోయి ఆడి రావాలి. క్లబ్బంటే అక్షరాలా అదే. బెంగాల్లో మోహన్ బగాన్ కూడా ఒక పేట జట్టుగానే మొదలైంది.

అయితే ఇక్కడా ఆ పాత చిక్కే. ఇది కూడా ఒకే సంస్థ భుజాల మీద నిలబడింది. విదేశీ విరాళాలు అందుకునే అనుమతి పునరుద్ధరణ ఆగిపోవడంతో 2025లో ఆర్డీటీకి గడ్డుకాలం వచ్చింది. అనంతపురం జిల్లా జనం వేల సంఖ్యలో రోడ్లెక్కారు. ఆసుపత్రుల కోసం, బడుల కోసం, ఇళ్ల కోసం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరొదిలినప్పుడు రాని జనం, ఇక్కడ ఒక సంస్థ కోసం వచ్చారు. యాభై ఏళ్ల బంధం అది. కానీ ఆ జనం గొంతులో ఫుట్‌బాల్ పేరు వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేదు. ఆకలి, రోగం ముందు ఆట ఎంత? విరాళం తగ్గిననాడు మొదట కోత పడేది మాత్రం ఆటకేనని ఎవరికైనా తెలుసు.

అందుకని ఆంధ్రప్రదేశ్‌కు ఐఎస్ఎల్ జట్టు ఎప్పుడొస్తుందనే ప్రశ్న నాకంత ముఖ్యంగా తోచదు. విశాఖకో విజయవాడకో రేపు ఎవరైనా ఒక జట్టును కొనుక్కుని తేవచ్చు, ఎల్లుండి ఇంకెక్కడికో తీసుకుపోవచ్చు. మండలాల జట్లను మాత్రం ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేరు. వాటికి కావాల్సింది కూడా పెద్దదేం కాదు. చదును చేసిన బడి మైదానం, రెండు ఇనుప గోల్‌పోస్టులు, గీతలకు సున్నం, ఏడాదికి నాలుగైదు బంతులు, ఖాళీగా ఉంచకుండా భర్తీ చేసిన వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు. దాంతోపాటు మండలానికొక చందా పుస్తకం. బెంగళూరులో మేస్త్రీ పనికి పోయిన కుందుర్పి కుర్రాళ్లు ఊరి జాతరకు చందా పంపుతారు, గుడి రంగులకు పంపుతారు. జట్టు బస్సు చార్జీలకు అడిగితే పంపరా? ఇంతవరకూ వాళ్లనెవరూ అడగలేదు.